తమ్ముని లేడిచీటి

గడచిన సంవత్సరము జ్యేష్ఠమాసమున నొకనాటి రాత్రి, భోజనములైన పిదప, అమెరికాలోనున్న మా తమ్ముడు ఫోను చేసి, "అక్కయ్యా, నాకు చీటి వచ్చినది" అని యెంతో సంతోషముతో చెప్పెను. మా వీధిలోని స్త్రీలము నెలనెలకు వేసికొను చీటిపాట నాకు తెలియును. అక్కడివారును అట్టిది పెట్టుకొనిరి కాబోలు, వీని వంతు వచ్చినది కాబోలునని తలచి, "ఎంత సొమ్ము?" అని యడిగితిని. వాడు పక్కున నవ్వి, "సొమ్ము కాదు, లేడి" అనెను.

ప్రక్కగదిలో మా అమ్మ పండుకొని యుండెను. ఆమెకు చూపు తగ్గినదేగాని చెవులు తగ్గలేదు. "లేడి యేమిటే?" అని యడిగెను. "పిల్లలకు బొమ్మ కొన్నాడటమ్మా" అని బొంకితిని. ఈ సంగతిలో నేనాడిన మొదటి బొంకు అది.

మాది మాంసము ముట్టని యిల్లు. నేను బడికి పోయి చదివినది స్వల్పము. నాకు వచ్చిన నాలుగక్షరములును మా నాన్నగారు సాయంకాలములందు అరుగుమీద కూర్చుండబెట్టుకొని భారతభాగవతములు చదివించుటచేత వచ్చినవే. తమ్ముడును నాప్రక్కనే కూర్చుండి చదివినవాడు. వాడు పదునాలుగేండ్ల క్రిందట కొలరాడో రాష్ట్రములోని డెన్వరు నగరమునకు పోయి యక్కడనే స్థిరపడినాడు. పొరుగింటి వృద్ధదంపతులు వానిని కన్నకొడుకువలె చూచుకొందురు. ఆ ముసలాయన వేటగాడు. ఆయనతో తిరిగి తిరిగి వీనికిని ఆ కోరిక పుట్టినదట. నాలుగేండ్లుగా దరఖాస్తు పెట్టుచు, మాకొక్క మాటయైనను చెప్పినవాడు కాడు.

మొదట నాకు కోపము వచ్చినమాట నిజము. కాని వేటాడుటకు చీటి యెత్తుట యేమను వింత నన్ను విడువలేదు. మావారు పాఠశాలలో నుపాధ్యాయులు. ఏ సంగతినైనను మొదలంట తెలిసికొనక మాటాడరాదని యెప్పుడును చెప్పుచుందురు. అందుచేత నాలుగైదు రాత్రులు తమ్ముని ప్రశ్నించి, వాడు చెప్పినదంతయు కాగితముమీద వ్రాసికొంటిని.

ఆ దేశపు న్యాయముప్రకారము నేల యెవరిదైనను దానిపై తిరుగు దుప్పి రాష్ట్రప్రజలందరిది. చంపినవాడు చీటి గలవాడైనప్పుడే అది వాని సొత్తగును. వారు మొదటినుండి ఇంత జాగ్రత్త కలవారు కారు. రైలుబండ్లు వచ్చిన పిదప మాంసమును చర్మములను నగరముల బజారులకు పంపుటకై మందలు మందలుగా చంపిరి. 1900 ప్రాంతమునకు దేశమంతటను తెల్లతోకదుప్పులు అయిదులక్షలకు దిగినవని యంచనా. ఆ సంవత్సరముననే లేసీ చట్టము పుట్టి, దొంగవేట మాంసమును ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు సాగించు వర్తకమును అరికట్టెను. 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టము వచ్చి, తుపాకులపైనను తూటాలపైనను వసూలైన పన్ను మృగరక్షణకే వెచ్చింపవలెనని విధించెను. నేడు ఆ తెల్లతోకదుప్పులే మూడుకోట్ల ప్రాంతమున్నవని చెప్పుదురు.

కొలరాడోలో నెక్కువగా నుండునవి వేరుజాతివి. కంచరగాడిద చెవులవంటి పెద్దచెవులుండుటచే వానిని మ్యూలు డీరు అందురు. రాష్ట్రమంతయు ఖండములుగా విభజింపబడియున్నది. చలికాలమున మంచుపై దుప్పులు స్పష్టముగా కానవచ్చునపుడు, ఆ శాఖవారు హెలికాప్టరులలో తిరిగి మందలను పరిశీలింతురు. నూరు ఆడువానికి మగవెన్ని, పిల్లలెన్ని యని లెక్క వ్రాసికొందురు. ఆ లెక్కనుబట్టి, ఈ యేట ఈ ఖండమున ఇన్ని మగవానిని, ఇన్ని ఆడువానిని చంపినను మంద నిలుచునని నిర్ణయించి, అన్ని చీటీలు మాత్రమే యచ్చొత్తింతురు. 1999 మొదలు అక్కడ దుప్పివేటకు చీటి యెత్తక దారి లేదు.

ఏప్రిల్ నెల మొదటి మంగళవారమునకు దరఖాస్తులు చేరవలెను. మొదటి కోరిక, రెండవ కోరిక యని నాలుగువరకు వ్రాయవచ్చును. కోరువారెక్కువ, చీటీలు తక్కువ; అప్పుడు కంప్యూటరు పంచును. కాని అది వట్టి అదృష్టము కాదు. మొదటి కోరిక ఫలింపనివానికి ఆ యేటికి ఒక పాయింటు జమ యగును. మరుసటి యేట పాయింట్లు హెచ్చుగా గలవానికి ముందు చీటి యిత్తురు. మన రేషను దుకాణమువద్ద నిన్న సరకు దొరకక తిరిగిపోయినదానిని నేడు ముందు నిలువబెట్టినట్లు! ఇది నాకు బాగుగానే తోచినది. అయితే అందరును పాయింట్లు కూడబెట్టుకొనుచుండుటచేత వరుస యేటేట పెరుగుచున్నదట. ఎల్కు అను పెద్దదుప్పికి పేరుపొందిన ఖండములలో ఇరువదియేండ్లు కాచినవారును కలరు. నేడు పేరు వ్రాయించుకొన్న పిల్లవాని వంతు వచ్చునప్పటికి వాని తల నెరయును గాబోలు.

ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క పద్ధతి. నెవాడాలో పాయింట్లను వర్గముచేసి ఒకటి కలుపుదురు. అయిదు పాయింట్లున్నవాని పేరు 26 మారులు కుండలో పడినట్లన్నమాట. న్యూమెక్సికోలో పాయింట్లే లేవు; ముసలివాడైనను నిన్న వచ్చినవాడైనను ఒక్కటే. అయితే నూటికి 84 చీటీలు ఆ రాష్ట్రవాసులకు, 10 వేటదారి చూపువారిని కుదుర్చుకొన్నవారికి, 6 పరాయివారికి. ఇవిగాక కొన్నిచోట్ల కొలదిచీటీలను వేలము వేయుదురట. ఆ సొమ్ము మృగరక్షణకే పోవునని తమ్ముడు సమర్థించెను గాని, నాకది రుచింపలేదు. అందరిదియని చెప్పిన దుప్పిని ధనవంతునికొకదానిని ప్రక్కకు తీసిపెట్టుట యేమి?

తమ్ముడు మొదటి కోరికగా మగదుప్పిని వ్రాసి, ఎప్పటివలెనే పొందలేక, ఒక పాయింటు పెంచుకొన్నాడు. రెండవ కోరికగా వ్రాసినది ఆడుదుప్పి. దానికి పోటీ తక్కువ; వచ్చినది. ఈ మాట విన్నపుడు నా గుండె ఝల్లుమన్నది. "ఆడుదానినా?" అంటిని. వాడు నెమ్మదిగా, "అక్కయ్యా, మగవి సగము పోయినను మంద తగ్గదు, మిగిలినవి చాలును. మంద పెరుగుటయు తరుగుటయు ఆడువాని లెక్కమీదనే యున్నది. మేతకు మించి మంద పెరిగినచోట మంచుకాలమున తల్లియు పిల్లయు కూడ ఆకలిచే చచ్చును. ఆ లెక్క చూచియే యీ చీటీ యిత్తురు" అనెను. జవాబు చెప్పలేకపోతిని. ఒప్పుకొనను కూడ లేకపోతిని.

మా తాతగారు 1950 తరువాత కొన్నియేండ్లు అడవికచేరీలో గుమాస్తాగా నుండెడివారు. మన దేశమునను వేటకు లైసెన్సులుండెడివి. 1879లోనే నీలగిరులకు ప్రత్యేకముగా వేటచట్టము వచ్చినది. 1912 చట్టము కొన్ని మాసములు వేట కూడదని విధించుటకు వీలు కల్పించెను. కచేరీకి దొరలు పోయిన పిదప జమీందారుల బంధువులు, పట్టణపు పెద్దమనుష్యులు వచ్చి రుసుము కట్టి పోయెడివారట. "ఒక్కొక్కరు ఎన్ని చంపవచ్చునో కాగితముమీద నేను వ్రాసెడివాడను. అడవిలో ఎన్ని యున్నవో ఎవ్వరును నాకు చెప్పలేదు" అని తాతగారనెడివారు. చిన్ననాడు ఆ మాట నాకు బోధపడలేదు. తమ్ముడు హెలికాప్టరుల సంగతి చెప్పిన రాత్రి బోధపడినది. చీటి యెత్తుట యెవరికిని కష్టము కాదు. చీటీలెన్ని యని ముందు తేల్చుటయే కష్టము. మనవారు ఆ మొదటి పని చేయక రెండవపని చేసిరి. తుదకు 1972 చట్టముతో తలుపు సగము మూసి, 1991 సవరణతో లైసెన్సులన్నియు తీసివేసి పూర్తిగా మూసిరి. ప్రాణములకో పంటలకో హాని చేయు మృగముల విషయమున ప్రత్యేకానుమతి తప్ప, నేడు మనకు వేటచీటి లేదు. లెక్క తెలియనప్పుడు తలుపు మూయుటయే మేలని నేనును ఒప్పుకొందును. కృష్ణజింకను ఆంధ్రప్రదేశమును, చుక్కలజింకను తెలంగాణమును రాష్ట్రమృగములుగా చేసికొన్నవి. మా పిల్లలకు పాఠ్యపుస్తకములోని బొమ్మయే గాని, సజీవముగా చూచినది జంతుప్రదర్శనశాలలోనే.

మేముండు నర్సీపట్నము మన్యమునకు వాకిలి. ఇచ్చటినుండి లంబసింగి కనుమ యెక్కినచో చింతపల్లి. ఆ కొండలలోనివారు చైత్రమాసమున ఇటుకల పండుగ చేసికొందురు. విత్తనములను పూజింతురు, మగవారు విల్లమ్ములు పట్టి గుంపుగా వేటకు పోవుదురు, ఆడువారు దారికడ్డముగా వెదురుగడ పట్టి పాటలు పాడుచు, పోవువారియొద్ద డబ్బులు పుచ్చుకొందురు. వట్టిచేతులతో తిరిగివచ్చిన మగవారిపై పేడనీళ్లు చల్లి యెగతాళి చేయుట ఆడువారి హక్కు. మావారియొద్ద చదువుకొను కొండపిల్లవాడొకడు పండుగ సెలవులు గడిచి వచ్చినపుడు, "ఈ యేడు వేట యెట్లున్నదిరా?" అని యడిగితిని. "కొండ చుట్టి వచ్చేరమ్మా. మా తాతకాలమున దుప్పిని తెచ్చి ఊరంతటికి పాళ్లు వేసేవారట. నేను చూడలేదు. పేడనీళ్లు మాత్రము ప్రతియేడు పడుతున్నవి" అని నవ్వెను. వాని తాతలకు కచేరీ చీటి యెన్నడును లేదు. చీటి గలవారు వచ్చి పోయిరి. మిగిలినది పేడనీళ్లు.

అరణ్యపర్వమున నొక చిన్నకథ కలదు. పాండవులు ద్వైతవనమున నున్నప్పుడు, ఒక రాత్రి లేళ్లు ధర్మరాజు కలలో కనిపించి, మేము విత్తనమునకు మాత్రము మిగిలితిమి, మీ నివాసము మార్చుకొనినచో మరల పెరిగెదమని కన్నీళ్లతో వేడుకొనును. ఆయన తెల్లవారగనే తమ్ములతో చెప్పి కామ్యకవనమునకు కదలిపోవును. ధర్మరాజునకు లెక్క లేళ్లే చెప్పినవి.

మా అమ్మకు సంగతి దాగలేదు. తమ్ముని కూతురు ఫోనులో నాయనమ్మతో, "నాన్న వేటకు పోవుటకు నారింజరంగు చొక్కా కొన్నాడు" అని చెప్పివేసినది. అక్కడ తుపాకివేటకు పోవువాడు మరియొకడు పొరపాటున కాల్చకుండ ఆ మెరయు రంగో, గులాబిరంగో తొడుగవలెనట. మా అమ్మ ఫోను నాచేతినుండి లాగికొన్నంత పని చేసి, "పాండురాజు లేడిని కొట్టి యేమి పొందినాడో మీ నాన్న నీకు చెప్పలేదురా?" అని యడిగెను. తమ్ముడు చాలసేపు మాటాడక, "సరేనమ్మా" అనెను. దేనికి సరే యనెనో ఆమెయు నడుగలేదు.

అక్టోబరు మాసాంతమునకు కార్తికము ప్రవేశించెను. అమ్మ సోమవారములు ఉపవాసముండును. రెండవ సోమవారమునాడు దీపములు పెట్టివచ్చి కూర్చుంటిని. తమ్ముడు ఫోను చేసినాడు. మూడుదినములు చలిలో పడియుండి నాలుగవనాటి తెల్లవారుజామున కొట్టినాడట. ఒక్క తూటాతో పడినదట. పిల్ల వెంట లేదని రూఢి చేసికొన్న పిదపనే కాల్చితినని రెండుమారులు చెప్పెను. వెంటనే చీటిమీద సంతకము చేసి, తేది వ్రాసి, దుప్పి కళేబరమునకు కట్టవలెను. ఆడుదో మగదో తెలియు గుర్తును ఇంటికి చేరువరకు తీసివేయరాదు. ఆ చీటి యంతటితో చెల్లినది. మరియొకదానిని కొట్టుటకు పనికిరాదు. 1967లో కొలరాడోలోనే మొదట కనిపెట్టబడిన దుప్పులను కృశింపజేయు రోగ మొకటి కలదు. దానికై తలను పరీక్షకు పంపి, ఫలితము వచ్చువరకు మాంసమును తినక యుంచినారట. సగము పొరుగింటివారికి ఇచ్చినాడు.

"చీటి కట్టునపుడు చేతులు వణకినవి అక్కయ్యా. చలికి కాదు" అనెను. వాడు పశ్చాత్తాపపడెనని నేననుకొన్నాను. కాని మరుక్షణమే, "వచ్చే యేప్రిల్‌లోను పెట్టెదను" అనెను. వానిని కోప్పడుటయా, మెచ్చుకొనుటయా? మా వీధిలో కోడిమాంసము కొనువారిలో నెవ్వరైనను దానికింత లెక్క వ్రాసి, ఇంత వణకి తిందురా యని నా మనస్సు నడుగుచుండగనే, వాడు చెప్పిన ఆ తెల్లవారుజాము కన్నులకు కట్టుచుండెను. ఇప్పటికిని నేనొక నిశ్చయమునకు రాలేదు.

ఫోను పెట్టివేసినంతనే అమ్మ, "వాడు పోయినాడా?" అని యడిగెను. ఉపవాసముతో నీరసించి గోడకు చేరబడియుండెను. "పోలేదమ్మా" అంటిని. "మంచిది" అని కన్నులు మూసికొన్నది. ఇది నా రెండవ బొంకు. మొదటిదానికంటె నిది బరువుగా నున్నది. ఏడాదియగుచున్నను దిగలేదు. తమ్ముడు మాటయిచ్చినట్లే సరికొత్త దరఖాస్తు పెట్టినాడు. ఈసారి యేమియు రాలేదు, పాయింటు మాత్రము చేరినది.

ఈ పత్రిక మాయింటికి వచ్చిననాడు అమ్మ ముందు విషయసూచిక చదివించుకొనును. పిదప తనకు నచ్చిన పేరు చెప్పి, అది మొదటినుండి తుదివరకు వినిపింపుమనును. ఈ నెల అది యే పేరగునో నాకు తెలియును. చదువవలసినదానను నేనే.