బాపు చెప్పిన మూడు తాళ్లు

బెల్లంపల్లిలో ఏ సెంటరు చూసినా ‘వైన్స్’ అన్న బోర్డే. లోపల మాత్రం వైన్ తప్ప అన్నీ ఉంటాయి! మొన్న మార్చిలో ఊరికి వెళ్లినప్పుడు ఎర్ర వైన్ కోసం తమ్ముణ్ని పంపాను. కొట్టు అతను పై అరలో వెతికి వెతికి దుమ్ము పట్టిన సీసా ఒకటి తీశాడట. ఇస్తూ ‘ఇంట్ల ఎవలికన్న రక్తం తక్కువున్నదా అన్నా?’ అని జాలిగా అడిగాడట.

సంగతేంటంటే, ‘నాకు నచ్చిన ఎర్ర వైన్‌లు’ అని రాయాలని నా ఆలోచన. నాసిక్‌ది ఒకటి, బెంగళూరు దగ్గర నంది కొండలది ఒకటి... నాకు తెలిసినవే రెండు. మూడోది ఊళ్లో దొరక్కపోతుందా అని ఆశ.

బాపు ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు. ‘అల్లనేరేడు పండ్లు తిన్నంక నాలుక గుంజినట్టున్నదేంది బిడ్డా!’ అన్నాడు. వైన్ పండితులు కూడా ఇంతకంటే బాగా చెప్పలేరు. ఎర్ర ద్రాక్షను తొక్కలతో సహా పులియబెడతారు. ఆ రంగు తొక్కలది, ఆ వగరు తొక్కలది, గింజలది. గ్లాసు పక్కన పెట్టేసి ‘రేపు పొద్దుగాల నాతోని రా’ అన్నాడు.

బాపు ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. తట్ట, చెమ్మస్‌తో టబ్బులు నింపే కోల్ ఫిల్లర్‌గా చేరాడు. ఈ ఊరు పెరిగిందే బొగ్గు మీద. 1920ల చివర్లో ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి, 1929కల్లా కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. ఊరి చుట్టూ ఉన్న పాత బావులు చాలావరకు మూతపడ్డాయి. సింగరేణి లెక్కల్లో ‘బెల్లంపల్లి ఏరియా’ అన్న పేరుంది కానీ, దాని ఆఫీసు గోలేటిలో ఉంది. ఊరు ఒకచోట, పేరు ఒకచోట!

తాళ్లలోకి...

ఊరు దాటాక మోదుగులు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. ఇప్పపూలు రాలే రోజులు కూడా అవే. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఆ పూలతో లడ్డూలు చేస్తారు. సారా సంగతి సరేసరి.

గౌడ్ మామ అప్పటికే మోకు వేసుకుని, నడుముకి ముస్తాదు కట్టుకుని సగం చెట్టు ఎక్కేశాడు. పైన గెల కొసను కత్తితో పల్చగా చెక్కుతాడు. ఆ కోతలోంచి చుక్క చుక్కగా కారేదే కల్లు. చెట్టు దిగేసరికే లొట్టిలో నురగ. గాలిలోని ఈస్ట్ తీపిని పట్టుకుని పని మొదలెట్టేస్తుంది. వైన్‌ని ఏళ్ల తరబడి దాచొచ్చు. కల్లు వయసు ఒక్క పూట. మధ్యాహ్నానికి పులుపెక్కి, మరునాటికి వెనిగర్ దారి పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా ఆగుతుంది. అదే నీరా.

తాటాకు దొప్ప పట్టుకుని కూర్చున్నాం. తాళ్లు మూడు రకాలని బాపు చెప్పాడు. చలికాలం చివర్లో మొదలయ్యే పోతుతాడు, ఎండలు ముదిరేకొద్దీ పరుపుతాడు, ఆ తర్వాత పండుతాడు. మేం వెళ్లినప్పుడు పోతుతాడు ముగింపులో ఉంది, పరుపుతాడు మొదలైంది. రెండూ రుచి చూశాను. పోతుతాడు పల్చన, లేత కొబ్బరినీళ్లకి కాస్త పొగరొచ్చినట్టు ఉంటుంది. పరుపుతాడు చిక్కన. మింగాక కూడా తీపి గొంతులో కాసేపు నిలుస్తుంది. నా ఓటు పరుపుతాడుకే. ఈతకల్లు ఇంకా బాగుంటుందని గౌడ్ మామ అంటాడు కానీ, నాకది మరీ తీపి. కల్లు పక్కన బొబ్బెర గుడాలు ఉండాలి. ఆ విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట.

‘మండువల కల్లు ఎందుకు తాగవు బాపూ?’ అని అడిగాను. ‘చెట్టు నా కండ్ల ముంగట ఉండాలె’ అన్నాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపి కల్లుగా అమ్మే చోట్లున్నాయి. 2015లో ఆ మత్తు సరుకు ఆగిపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రుల్లో చేరారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది.

బాపు అక్కడితో ఆగి, చాలాసేపటికి నెమ్మదిగా అన్నాడు. ‘నేను తాగింది గీ కల్లయితే మీ అమ్మ గేటు కాడికి రాకపోవు.’

నాకు గుర్తుంది. జీతం రోజు అమ్మ నన్ను చంకనేసుకుని బాయి గేటు దగ్గర నిలబడేది. ఆమె ఒక్కతే కాదు, వరసగా ఎందరో అమ్మలు. గేటు నుంచి ఇంటికొచ్చే దారిలో సారా దుకాణాలు ఎన్ని ఉన్నాయో వాళ్లకి వేళ్ల మీద లెక్క. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చాక కూడా ఆ నిలబడటం ఆగలేదు, సీసాలు మారాయంతే. మా ఇంట్లో ఆ గొడవ బాపు రిటైరయ్యే ముందు ఎప్పుడో ఆగింది. ఎలా ఆగిందని అమ్మని అడిగితే, ఈ రోజుకీ చెప్పదు.

ఇంటికొచ్చేటప్పుడు బాపు చిన్న ముంత ఒకటి తెచ్చాడు. అమ్మ అందులోకి చూసింది, వాసన చూసింది. రెండు గుక్కలు తాగి, ‘పరుపుదాడా?’ అంది. బాపు తలూపాడు. ఎర్ర వైన్ సీసా మూడొంతులు నిండుగా అలాగే ఉంది. సీసా బాగుందట, ఖాళీ చేసి కడిగి ఇమ్మంది. మంచినూనె పోసుకోవడానికి.

సాయంత్రం రైలు ఎక్కించడానికి స్టేషన్ దాకా వచ్చాడు బాపు. రైలు కదిలాక కిటికీ పక్కన నడుస్తూ, ‘వానలు పడంగనే రా బిడ్డా, పండుదాడు మిగిలింది’ అన్నాడు.