ముట్టుకోవద్దట!

బొంతను ముట్టుకోవద్దనే బోర్డు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పటాన్నయితే దూరం నుంచి చూడొచ్చు. బొంతను పట్టి చూడాలి. బరువెంతో, మెత్తదనమెంతో, లోపల ఎన్ని పొరలున్నాయో చేతికి తెలియాలి. చలికాలంలో మొదటి షిఫ్టుకు లేచి బొగ్గు బాయికి పోయే భూపాలపల్లి మనిషిని అడగండి, బొంత కంటితో చూసే వస్తువో కాదో చెప్తాడు.

హ్యూస్టన్‌లో కొడుకింటికి పోయినప్పుడు కోడలు నన్ను బొంతల పండుగకు తీసుకుపోయింది. ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్ అంటారు. కేరీ బ్రెసెన్‌హన్ అనే ఆమె కొట్టు నడుపుతూ 1970లలో మొదలుపెట్టిన చిన్న ప్రదర్శన పెరిగి పెరిగి, ఇప్పుడు జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్ నిండా పరుచుకుంది. ఏటా దీపావళికి అటూ ఇటూగా జరుగుతుంది. వరుసలు వరుసలుగా వందల బొంతలు వేలాడుతుంటాయి. నక్షత్రాలు, గడులు, పక్షులు, ఒకదాని మీద ఎవరిదో ముసలి ముఖం. కంటి కింది ముడత కూడా బట్ట ముక్కే! పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ వెనక వైపు కుట్టు చూడాలంటే తెల్ల గ్లౌజులు తొడుక్కున్న ఆమెను పిలవాలి. ఆమె వచ్చి అంచును రెండు వేళ్లతో ఎత్తి చూపిస్తుంది. ఇట్లాంటి ప్రదర్శనల్లో పద్ధతే అదట. వేలమంది చేతుల జిడ్డు తగిలితే ఏ బట్ట ఆగుతుంది? న్యాయమే. న్యాయమైనంత మాత్రాన చిరాకు పోతుందా?

"ఇవన్నీ ఎవరు కప్పుకుంటరు బిడ్డా?" అని అడిగాను.

"కప్పుకోరు అత్తమ్మా, గోడకు పెట్టుకుంటరు."

మా అవ్వ ఉంటే ఆ మాటకు ముక్కు మీద వేలేసుకునేది. అవ్వకు బొంత ఎండకాలం పని. కల్లాలు అయిపోయి చేతులు కాస్త ఖాళీ అయ్యాక, మధ్యాహ్నం పందిరి కింద చాప పరిచి కూచునేది. అడుగున గట్టి చీరె, నడుమ నాయిన చిరిగిన ధోతులు, లుంగీలు, పైన కొంచెం రంగు మిగిలిన చీరె. మేము పిల్లలం నాలుగు మూలలు పట్టి ముడతలు పోయేదాకా లాగాలి. ముందు దూరం దూరంగా టాకాలు వేసి, తరువాత అంచు నుంచి లోపలికి వరుస వెంట వరుస, వడ్లగింజంత కుట్టు. చిరుగు కనబడిన చోటల్లా అతుకు. అందం కోసం పెట్టిన అతుకులు కావవి. అయినా ఎర్ర ముక్క పక్కన ఇంకో ఎర్ర ముక్క పెట్టేది కాదు. పక్కింటి పెద్దమ్మ వచ్చి కూచుంటే ఒక వైపు ఆమెకిచ్చేది. పెద్దమ్మ కుట్టు వంకర. అవ్వ ఎదురుగా ఏమీ అనేది కాదు, ఆమె పోయాక విప్పి మళ్లీ కుట్టుకునేది. రాత్రి దీపం ఆర్పేశాక బొంత మీద చేయి పెట్టి, ఇది అత్త పెళ్లికి కట్టిన చీరె, ఇది మేడారం జాతరకు కట్టింది అని మేము పందెం వేసుకునేవాళ్లం. ఉతకాలంటే చెరువు దాకా మోయాలి. నీళ్లు తాగితే ఒక్క మనిషికి లేవదు, ఇద్దరు చెరో కొసా పట్టి మెలిపెట్టి పిండాలి. పిండుతూ పిండుతూ ఎన్ని కొట్లాటలు తీర్చుకున్నారో మా అవ్వా, చిన్నమ్మా!

అమెరికాలో ఇట్లాంటివి లేవనుకునేరు. అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి తొడిగి తొడిగి చివికిన బట్టలతో బొంతలు కుట్టుకున్నారు, చలికి. ఆ బొంతలనే 2002లో ఇదే హ్యూస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ గోడలకెక్కించింది. 2006లో తపాలా బిళ్లల మీదికీ ఎక్కాయి. ఆ ఊరి మిస్సూరి పెట్‌వే 1942లో, చనిపోయిన భర్త పని బట్టలన్నీ కలిపి ఒక బొంత కుట్టింది, ఆయన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి. నాకు ఆమె మన మనిషనిపించింది.

పండుగలో అసలు రద్దీ బట్టల దుకాణాల దగ్గర. జపాన్ నీలి బట్ట, ఇండోనేషియా బాతిక్, గజం పన్నెండు పదమూడు డాలర్లు. 18 అంగుళాలకు 22 అంగుళాల ముక్కలను మడిచి, కట్టలు కట్టి అమ్ముతున్నారు. కోడలు సంచి నింపింది. నా గోల నాది: నిక్షేపంలాంటి కొత్త బట్టను కోసి ముక్కలు చేసి, ఆ ముక్కలు కలిపి మళ్లీ బట్ట చేయడమెందుకు?

అయితే పరదేశం బట్ట మీద మోజు ఈనాటిది కాదు, ఒకప్పుడు వాళ్లకు మనదే పరదేశం. మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కిన అద్దకాలకు, ఎన్ని ఉతుకులకైనా దిగని చిరివేరు ఎరుపుకు ఐరోపా ఆడవాళ్లు పడిచచ్చారు. తమ నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1721లో చట్టం చేసి, అద్దకం నూలు బట్ట ఒంటి మీదా ఇంట్లోనూ వాడొద్దంది. అది పోయింది 1774లో. మన అద్దకం పువ్వులను ఒక్కొక్కటీ కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టుకున్న పాత బొంతలు అక్కడి మ్యూజియాల్లో ఉన్నాయి. ఖరీదైన బట్ట కాబట్టి ఒక్క రేకు వృథా పోనివ్వలేదు. మన వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు పోయాయి. కాబట్టి కోడలిని ఏమనగలను? నేనూ ఒక నీలి ముక్క కొన్నాను.

దానికి జోడీగా పాత నూలు చీరె ఒకటి వెతుకుదామని ఇంటికొచ్చాక బీరువా తెరిచాను. అన్నీ జారిపోయే సింథటిక్ చీరెలే. చెమట పీల్చవు, పొర మీద పొర నిలవదు, సూది కింద జరిగిపోతాయి. ఉన్న నాలుగు నూలు చీరెలు ఎప్పుడో స్టీలు సామాన్లకు పోయాయట. అయిదారు చీరెలు తూకం వేసుకుని ఒక గిన్నె చేతిలో పెట్టి పోతాడు వీధిలోకొచ్చే సామాన్లాయన. ఇంటింటా గిన్నెలు పేరుకుపోయాయి, బొంతలు లేవు. చలి పెడితే మిల్లు రగ్గు కొంటున్నాం, రెండు ఉతుకులకు ఉండలు కట్టేది.

అమ్మలారా, గిన్నెలు మనకు చాలినన్ని ఉన్నాయి. ఈసారి సామాన్లాయన కేకేసినప్పుడు, నూలు చీరెలు మాత్రం తీసి పక్కన పెట్టండి. అయిదు పోగయ్యాక ఎండకాలం ఒక మధ్యాహ్నం పక్కింటామెను పిలిచి కూచోండి. కుట్టు వంకరైనా వెచ్చగానే ఉంటుంది.