శుభం – లాభం

వర్తకుడు కొత్త ఖాతా పుస్తకం తెరిచి, తొలి పుటకు పసుపు కుంకుమలు అద్ది, ‘శుభం – లాభం’ అని రాసుకోవడం ఆచారం. ఆ పదాల వరుసలోనే ఒక ధర్మసూక్ష్మం ఉంది. శుభం ముందు, లాభం తరువాత. పురుషార్థాలలోనూ ధర్మం తరువాతనే అర్థం. ఈ వరుస తలకిందులైతే ఏమవుతుందో భోపాల్ నగర చరిత్ర చెబుతుంది.

భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో పురుగుమందుల తయారీకై మిథైల్ ఐసోసయనేట్ అనే విషద్రవాన్ని నిల్వ చేసేవారు. దానిని చల్లగా ఉంచాలి, నీరు సోకనీయరాదు. 1980 తరువాత అమ్మకాలు తగ్గి కర్మాగారం నష్టాల పాలయింది. యాజమాన్యం పొదుపు మార్గం పట్టింది. ఆ పొదుపు మొదట కార్మికుల మీద పడింది. ఆ ద్రవాన్ని తయారుచేసే విభాగంలో షిఫ్టుకు పన్నెండుగురు ఉండగా ఆరుగురే మిగిలారు. రాత్రివేళ మరమ్మతులు చూసే పర్యవేక్షకుని ఉద్యోగం రద్దయింది. తరువాతి వంతు రక్షణ సాధనాలది. శీతలీకరణ యంత్రాన్ని ఆపివేశారు. వెలువడిన వాయువును కాల్చివేయవలసిన గోపురం మరమ్మతు పేరిట నిలిచిపోయింది. భద్రతాలోపాలను 1982లోనే అమెరికా నుంచి వచ్చిన తనిఖీ బృందం ఎత్తిచూపింది. స్థానిక పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేశ్వానీ పత్రికాముఖంగా హెచ్చరించాడు. వినవలసినవారు వినలేదు.

1984 డిసెంబరు 2 రాత్రి నిల్వతొట్టిలో నీరు చేరింది. కళ్లు మండుతున్నాయని మొదట గుర్తించినవారు విధిలో ఉన్న కార్మికులే. అప్పటికి ఆపదను ఆపగల సాధనమేదీ సిద్ధంగా లేదు. సుమారు 40 టన్నుల విషం నిద్రిస్తున్న పేదల వాడలను కమ్మివేసింది. ప్రభుత్వపు తొలి లెక్కలోనే మృతులు 2,259 మంది. ఆ సంఖ్య తరువాత పెరుగుతూనే పోయింది. 1989లో సంస్థ 47 కోట్ల డాలర్ల పరిహారంతో వ్యాజ్యం ముగించుకుంది.

ఈ పాఠం తెలుగునేలకూ చేదుగా తెలిసివచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది మరణించారు. అక్కడా చల్లబరిచే ఏర్పాటు లోపభూయిష్ఠమనీ, ప్రజలను మేల్కొలపవలసిన సైరన్ మోగలేదనీ విచారణ సంఘం తేల్చింది.

కార్మికుని వేతనమూ, యంత్రపు మరమ్మతూ ఖాతాలో ఖర్చు కింద కనిపిస్తాయి. నిజానికి అవి శుభానికి చెల్లించే మూల్యం. ఆ మూల్యాన్ని ఎగవేసి చూపిన లాభం లాభం కాదు. ఇరుగుపొరుగు ప్రాణాలను తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు. ఆ అప్పు తీర్చేది తెచ్చినవారు కాదు, కర్మాగారపు గోడ పక్కన నిద్రించే నిరుపేదలు.