వాన కడగని గాలి

గోల్ ఘర్‌లో నివసించే ఆ వృద్ధుడు 1970 ప్రాంతములో శ్రీకాకుళము వైపు నుండి ఓడలో వచ్చినవాడు. రిఫ్రిజిరేటర్లు బాగుచేయుట ఆయన జీవనోపాధి. మరమ్మతుకు ముందు గొట్టము విప్పి పాతగాలిని బయటికి వదలివేయడము ఆనాటి పనివారందరి పద్ధతి. రంగు లేదు, మంట లేదు. సముద్రపుగాలి దానిని మోసుకొనిపోయేది. మే మొదలు డిసెంబరు దాకా వానలు కురిసే ద్వీపములో వాన కడగని మాలిన్యము ఉండదని ఆయన నమ్మకము.

ఒక డిసెంబరు సాయంకాలము మనుమరాలు పాఠము చదువుతూ ఆగి, “తాతా, నీవు వదలిన గాలి ఇంకా ఉన్నదా?” అని అడిగినది.

ఉన్నది. ఆ క్లోరోఫ్లోరోకార్బను ఆయువు సుమారు 100 సంవత్సరాలు. వాన దానిని కడగలేదు. అది భూగోళమంతటా కలిసిపోయి, ఉష్ణమండలముపైన 17 కిలోమీటర్ల ఎత్తున స్ట్రాటో ఆవరణములో ప్రవేశిస్తుంది. అక్కడినుండి దాని నడక రోజుకు 20, 30 మీటర్లు మాత్రమే. ఆ నడకకును ఋతువులున్నవి. ఉత్తరార్ధగోళపు శీతకాలములో పర్వతాలవల్లను, నేల సముద్రాల భేదమువల్లను పుట్టిన మహాతరంగాలు పైకెగసి, ఉష్ణమండలపు గాలిని బలముగా పైకి లాగుతవి. వేసవిలో ఆ లాగు సడలుతుంది. పైన తీక్ష్ణకిరణాలు వాయువును చీల్చగా వెలువడిన క్లోరిను ఓజోనును హరిస్తుంది. మిగిలిన గాలి కొన్నేండ్లకు ధ్రువాలవైపు దిగివస్తుంది. ఒక్కొక్క పర్యాయము నశించేది స్వల్పభాగమే గనుక ఆయువు అంత దీర్ఘము.

ఇది ఊహ కాదు. హైదరాబాదు నుండి 1987 మార్చిలోను, 1990 ఏప్రిల్‌లోను ఎగిరిన బెలూనులు, ద్రవ నియానుతో చల్లబరచిన పాత్రలలో ఆ ఎత్తుల గాలిని పట్టితెచ్చినవి. పైకి పోయినకొలది ఈ వాయువులు క్షీణించడము అందులో కనబడినది.

1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. 1992లో భారతదేశము అందులో చేరినది. ఈ శతాబ్దపు తొలి ఏండ్లలో పరాకాష్ఠ నందుకొన్న ఆ వాయువు నేడు మెల్లగా తగ్గుతున్నది. వృద్ధుడు కూడ చివరి ఏండ్లలో గాలిని సిలిండరులోనికి పట్టుట నేర్చుకొన్నాడు.

“ఉన్నదమ్మా,” అన్నాడాయన కొంతసేపటికి. “నేను పోయినాక కూడ ఉంటుంది. నీ ముసలితనానికి సగము తగ్గుతుందేమో.”

తెలియక చేసిన పనికి నేరము లేదనవచ్చును. ఆయన ఆ మాట అనలేదు. మనుమరాలిని పాఠము మొదటినుండి మరల చదవమన్నాడు.