ఒకే అంకె చూపే రెండు దంతాలు

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

రేపటి ఫోరెన్సిక్ కెమిస్ట్రీ క్లాసుకి ఏనుగు దంతాల కేసు సిద్ధం చేసుకున్నాను. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి చెందిన థ్యూర్ సెర్లింగ్ బృందం 2016లో ప్రచురించిన పని అది. 2002 నుంచి 2014 దాకా పట్టుబడిన పెద్ద సరుకుల్లోంచి 231 దంతపు ముక్కలు తీసుకుని, ఆ ఏనుగులు ఎప్పుడు చచ్చిపోయాయో కార్బన్-14తో తేల్చారు. నూటికి 90కి పైగా, పట్టుబడటానికి మూడేళ్లలోపు చనిపోయిన ఏనుగులవే. ప్రభుత్వ గోదాముల్లోని పాత నిల్వలే బజారుకి వస్తున్నాయన్న వాదనకి ఆ లెక్కతో బలం పోయింది. నోరులేని జంతువు తరఫున ఇంత స్పష్టంగా మాట్లాడే సాక్షి ఇంకెవరున్నారు?

ఫిబ్రవరి 4, మంగళవారం

క్లాసు బాగా నడిచింది. కార్బన్-14 సగం తరగడానికి 5,730 ఏళ్లు పడుతుంది కదా, మరి మూడేళ్ల తేడా ఎలా దొరుకుతుందని పిల్లలు అడిగారు. ఇక్కడ తరుగుదలతో పని లేదు. 1950ల్లో, 60ల మొదట్లో ఆరుబయట పేల్చిన అణుబాంబుల వల్ల గాల్లో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. ఆరుబయట అణుపరీక్షల్ని నిషేధించిన 1963 ఒప్పందం తర్వాత ఆ పేలుళ్లు చాలావరకు ఆగాయి, అప్పట్నుంచి ఆ పాళ్లు ఏటికేడూ దిగుతున్నాయి. మొక్క ఏ ఏడాది గాలి పీలిస్తే ఆ ఏడాది కార్బన్-14 అంకె మొక్కలోకి, దాన్ని మేసిన జంతువులోకి చేరుతుంది. పంటి ఎనామిల్ ఒకసారి ఏర్పడ్డాక మారదు గనక, 2005లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పంటిని బట్టి మనిషి పుట్టిన ఏడాదిని ఏడాదిన్నర అటూ ఇటూగా చెప్పగలిగారు.

వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "మేడం, ఆ అంకె ఎందుకు దిగుతోంది?"

మొదట్లో చాలావరకు సముద్రమూ చెట్లూ పీల్చుకోవడం వల్ల. ఇప్పుడు మాత్రం ముఖ్యంగా మన పొగ వల్ల. బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ల నాటివి, వాటిలో కార్బన్-14 మిగలదు. అవి మండినకొద్దీ గాల్లో దాని పాలు పలచబడుతుంది. బాంబుల ప్రభావం పూర్తిగా పరుచుకోకముందే, 1955లో శాస్త్రజ్ఞుడు హాన్స్ స్యూస్ చెట్ల కలపలో ఈ సంగతి కనిపెట్టాడు.

ఫిబ్రవరి 6, గురువారం రాత్రి

ఆ అమ్మాయి ప్రశ్న వదల్లేదు. శాస్త్రవేత్త హెదర్ గ్రేవెన్ 2015 నాటి వ్యాసం మళ్లీ చదివాను. ఉద్గారాలు ఇదే తీరున సాగితే 2050కి అప్పుడే నేసిన నూలు బట్ట, వెయ్యేళ్ల కిందటి రాజరాజ నరేంద్రుడి కాలం నాటి బట్టా ఒకే అంకె చూపిస్తాయి. అప్పటిదాకా ఆగనక్కర్లేదు కూడా. ఉత్తరార్ధగోళంలో స్వచ్ఛమైన గాలి 2021కే పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయికి దిగిందని అదే శాస్త్రవేత్త బృందం తేల్చింది.

కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటే వేడి, కరువు, తుపాను అనే చెప్పుకుంటాం. నేర పరిశోధకుల చేతిలోని గడియారం కూడా దానివల్లే పాడవుతోందని ఎవరూ అనరు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఏనుగు దంతం అమ్మకాన్ని నిషేధించే బ్రిటన్ 2018 చట్టంలో, 1947కి ముందు చేసిన వస్తువుల్లో దంతం 10 శాతానికి లోపుంటే మినహాయింపు ఉంది. నిన్న మొన్న చంపిన ఏనుగు దంతం అంకె, 1940ల నాటి అంకెకి దగ్గరవుతోంది. ఇంకొన్నేళ్లలో రెండూ కలిసిపోతాయి. వేటగాడికి మన చిమ్నీలు, కార్లు కలిసి పాత తేదీ వేసిన రసీదు రాసిచ్చినట్టే.

అయితే దారి మూసుకుపోలేదు. దంతం మొదలు నుంచి పెరుగుతుంది. కొన పాతది, బోలుగా ఉండే మొదలు కొత్తది. కొనలో బాంబుల కాలపు ఎక్కువ పాళ్లు కనిపిస్తే ఆ ఏనుగు 1947 నాటిది కాదని తేలిపోతుంది. కష్టమంతా చెక్కిన పూసల దగ్గర, గాజుల దగ్గర. వాటికి కొనా మొదలూ ఉండవు. అలాంటప్పుడు స్ట్రాన్షియం-90, థోరియం ఐసోటోపులు కూడా కొలవాలి. ఖర్చూ, శ్రమా ఎక్కువే. తప్పదు.

ఇప్పటికే గోదాముల్లో ఉన్న దంతాల్లోని అంకె చెరగదు. చిక్కంతా ఇకమీదట పట్టుబడే వాటితో.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఫోరెన్సిక్ ల్యాబుల్లోకి రాబోయే పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. దంతం చేతికొస్తే ఒక్క ముక్క కొలిచి నివేదిక రాయొద్దు. కొనా మొదలూ రెండూ తీయండి, పూసైతే రెండో ఐసోటోపు అడగండి, తేదీ రెండు కాలాల్లో దేనికైనా సరిపోతే ఆ రెండూ కోర్టు ముందు రాయండి.