వాముకీ ఓ లెక్కుంది

పిల్లలకి నులిపురుగులంటే చాలు, అమ్మలు ఫోన్లోనే వైద్యం మొదలెడతారు: "చిటికెడు వాము, బెల్లంతో ఉండ చేసి మింగించరా". ఇక్కడ సిడ్నీలో మందుల షాపువాడేమో కాంబాంట్రిన్ చాక్లెట్ బిళ్ళ చేతిలో పెడతాడు. మా బుడ్డోడి ఓటు దేనికో చెప్పక్కర్లేదనుకుంటా :)

అలాగని వాముని కొట్టిపారేయలేమండోయ్. దాని ఘాటంతా థైమాల్‌ది. 20వ శతాబ్దం మొదట్లో డాక్టర్లు కొంకిపురుగులకి ఇచ్చిన మందు అదే. 2022లో న్యూకాసిల్ రేవులో బయటపడి, తేనెటీగల్ని పీల్చేస్తున్న వరోవా పురుగు మీద ఇప్పుడు ఇక్కడివాళ్ళు వాడే మందుల్లోనూ అదొకటి.

అయితే లెక్క చూడండి. అప్పట్లో పెద్దవాళ్ళకిచ్చిన థైమాల్ సుమారు 4 గ్రాములు. 100 గ్రాముల వాములో నూనె ఓ 3 గ్రాములు, అందులో థైమాల్ దాదాపు సగం. అంటే పావుకిలో పైమాటే! చిటికెడు ఏ మూలకి? పైగా అంత మోతాదు మనిషికీ విషమే. అందుకే వెంటనే భేదిమందు పట్టించేవారు. అంతకన్నా మంచి మందులొచ్చాక దాన్ని వదిలేశారు.

కాబట్టి మా ఇంట్లో పురుగులకి బిళ్ళే: ఇంటిల్లిపాదికీ, రెండు వారాలాగి మళ్ళీ ఓసారి. గోళ్ళు కత్తిరించడం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకడం సరేసరి. వాము మాత్రం జంతికల్లోకి!

మరి మీ ఇళ్ళల్లో?