బాండ్ ఉమ్ర్ ఎంత?

రోజర్ మూర్ తొలిసారి జేమ్స్ బాండ్ వేషం కట్టిన ‘లివ్ అండ్ లెట్ డై’ 1973లో వచ్చింది. అప్పటికి ఆయన ఉమ్ర్ 45. మొన్న డెస్కులో సినిమా పేజీ దిద్దుతూ ఈ హిసాబ్ వేసి, కాసేపు చుప్‌గా కూర్చుండిపోయాను. నాకిప్పుడు 46. ఆయన ఆ కొలువులో చేరిన వయసును నేను దాటేశానన్నమాట!

ఆయన మరో 12 ఏళ్ళు లాగాడు. మొత్తం ఏడు సినిమాలు. 1985లో చివరిది వచ్చేసరికి 57. హీరోయిన్ వాళ్ళమ్మ కంటే కూడా తానే పెద్దవాణ్ణని తెలిశాక ఇక చాలనిపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అంత సాఫ్‌గా ఒప్పుకునే హీరోలు మనకెందరున్నారు లెండి.

మా అబ్బాకి బాండ్ అంటే మూర్ సాబే. ‘ఆక్టోపస్సీ’ ఉదయపూర్‌లో తీశారని, అందులో మన కబీర్ బేడీ, టెన్నిస్ విజయ్ అమృత్‌రాజ్ ఉన్నారని ఎంత ఫఖ్ర్‌గా చెప్పేవారో! వీసీఆర్ కిరాయికి తెచ్చి ఆ ఆటోల చేజింగ్ మాకు రెండుసార్లు తిప్పి చూపించేవారు. నాది ఉర్దూ మీడియం. ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అబ్బా పక్కన కూర్చుని తర్జుమా చేసేవారు. ఆయన ఇంగ్లిష్ కూడా అంతంతే. సగం కహానీ ఆయన సొంతంగా అల్లిందేనని డిగ్రీకొచ్చాక తెలిసింది. నిజం చెప్పాలంటే అబ్బా కహానీయే బాగుండేది.

నా బాండ్ పియర్స్ బ్రాస్నన్. 1995లో ‘గోల్డెన్ ఐ’ వచ్చినప్పుడు నేను ఇంటర్. ఆయనకు 42. అప్పుడు నా కళ్ళకు పెద్దమనిషి, ఇప్పుడు చూస్తే జవాన్.

1962లో ‘డాక్టర్ నో’ నుంచీ వాళ్ళ తర్కీబ్ ఒకటే. హీరోకు వయసైతే కొత్తవాణ్ణి తెస్తారు. నంబరు అదే, సూటు అదే, సంగీతం అదే. ఆ సౌలత్ లేనివాడు ఒక్కడే కనిపిస్తాడు నాకు. బాండ్‌కి పెన్నులో బాంబు, గడియారంలో రంపం పెట్టిచ్చే క్యూ సాబ్. డెస్మండ్ లెవెలిన్ ఆ వేషాన్ని 1963 నుంచి 1999 దాకా 17 సినిమాల్లో వేశాడు. అయిదుగురు బాండ్‌లు మారారు, ఆయన మాత్రం తెర మీదే ముసలాడయ్యాడు. చివరి సినిమాలో నేల కిందికి మెల్లగా దిగిపోతూ రుఖ్సత్ తీసుకుంటాడు. అది విడుదలైన కొన్ని వారాలకే రోడ్డు ప్రమాదంలో పోయాడు, 85 ఏళ్ళకు.

2012లో ‘స్కైఫాల్’కి వచ్చేసరికి లెక్క తిరగబడింది. లండన్ నేషనల్ గ్యాలరీలో టర్నర్ వేసిన పాత యుద్ధనౌక బొమ్మ ముందు బాండ్ కూర్చుని ఉంటాడు. విరగ్గొట్టడానికి లాక్కెళ్తున్న నౌక అది. పక్కన వచ్చి కూర్చున్న కళ్ళద్దాల కుర్రాడు, నేనే మీ కొత్త క్యూని అంటాడు. బాండ్ మొహం చూడాలి! మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను “సర్, ఈ సాఫ్ట్‌వేర్ నేను చూపిస్తా” అన్నప్పుడల్లా నాకు ఆ మొహమే గుర్తొస్తుంది.

డేనియల్ క్రెయిగ్ బాండ్‌ని 2021లో చంపేశారు కూడా. ఇక ఎవరొచ్చినా నాకంటే చిన్నవాడే వస్తాడు. దీనికి బాధపడాలా అంటే, అంత లేదు. బీపీ గోలీ వేసుకోవడం అలవాటైనట్టే ఇదీ అలవాటవుతుంది.

అలవాటు కానిది వేరే ఉంది. అబ్బా మస్జిద్‌లో మొదటి సఫ్ నుంచి కుర్చీకి మారి మూడేళ్ళయింది. ఇప్పుడు యాద్‌దాష్త్ కూడా జారిపోతోంది. 2017లో మూర్ సాబ్ 89 ఏళ్ళకు పోయిన ఖబర్ ఆయనకు నేనే చెప్పాను. ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు. మొన్న రాత్రి టీవీలో క్రెయిగ్ పరిగెడుతుంటే అబ్బా తేరిపార చూసి, “ఏ కౌన్ రే? అస్లీవాలా కిధర్ గయా?” అన్నారు.

“ఉదయపూర్ గయే అబ్బా. షూటింగ్ హై.”

తృప్తిగా తలూపారు. కాసేపాగి, “ఆటోమే గయే క్యా?” అని అడిగారు.